రెండు పుష్కరాల మధ్య సీడీల కాలం

గోదావరి జిల్లాలవాళ్లం పాత సంగతులు చెప్పుకునేటప్పుడు సంవత్సరం కంటే ముందు పుష్కరాలనే తలుచుకుంటాం. ఫలానావారి పెళ్లి పుష్కరాల ముందు జరిగిందా తరువాత జరిగిందా, ఫలానా మేడ పుష్కరాలనాటికి లేచిందా లేదా అని లెక్క వేసుకోవడం మాకు అలవాటు. ఆ లెక్కన చూస్తే మా డెల్టాలో పాట వినే పద్ధతి పుష్కరానికొకసారి మారుతూ వచ్చింది. 1991 పుష్కరాలకు రేవుల దగ్గర వెలిసిన కొట్లలో దేవుడి పాటల క్యాసెట్లు అమ్మారు. 2003 పుష్కరాలకు ఆ క్యాసెట్ల పక్కనే సీడీలు వరుసగా నిలబడ్డాయి. 2015 పుష్కరాలకు వచ్చిన జనం తమ పాటలు తమ ఫోన్లలోనే వెంట తెచ్చుకున్నారు. సీడీ మా ప్రాంతంలో ఇంటింటి వస్తువు కావడం, ఆ తరువాత కనుమరుగు కావడం అంతా ఇంచుమించు ఆ చివరి రెండు పుష్కరాల నడుమే జరిగిపోయింది. మా చిన్నాన్నకు పాలకొల్లులో రికార్డింగ్ షాపు ఉండడం వల్ల, చదువుకునే రోజుల్లో నా సెలవులు చాలావరకు అక్కడే గడవడం వల్ల ఆ రాకపోకలను దగ్గర నుంచి చూడగలిగాను.

రికార్డింగ్ షాపు అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు విడమరిచి చెప్పాలి. వచ్చినవారు తమకు కావలసిన పాటలు ఒక కాగితం మీద రాసుకుని తెచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టయితే ఒక్కో వైపున ఆరేడు పాటలు, తొంభై నిమిషాలదైతే తొమ్మిదో పదో పట్టేవి. చిన్నాన్న ఆ చీటీని ఒకసారి పైనుంచి కిందికి చదివి, పాటల నిడివి మనసులోనే కూడుకుని, ఒక వైపు ముగిసేచోట పాట మధ్యలో తెగిపోకుండా వరస మార్చేవాడు. విషాద గీతం పక్కన హుషారు పాట పడకుండా కూడా చూసేవాడు. తెచ్చిన మనిషికి ఏం నచ్చుతుందో ఆ చీటీలోనే తెలిసిపోయేది కాబట్టి, ఒక్కొక్కసారి చీటీలో లేని పాటను తనంతట తాను చేర్చి ఇస్తే మరుసటి వారం వాళ్లు వచ్చి ప్రత్యేకంగా చెప్పి వెళ్లేవారు.

క్యాసెట్టుకు రెండు బలహీనతలు ఉండేవి. ఒకటి, కాపీ నుంచి కాపీ తీసినకొద్దీ వెనక బుసబుసమనే హోరు పెరిగి పాట పలచబడేది. రెండోది మా ఊళ్లకు సంబంధించినది. ఒకవైపు కాలువ, మరోవైపు చేను, నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే నేల కావడంతో ఆషాఢం వచ్చిందంటే గోడలు చెమర్చేవి, టేపు అంచున తెల్లటి బూజు పట్టేది. ఆ టేపును అలాగే ఆడిస్తే బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని తరువాత పెట్టిన క్యాసెట్లను కూడా పాడుచేసేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడవడం చిన్నాన్న నాకు అప్పగించిన మొదటి పని.

సీడీ మాకు ఆలస్యంగా వచ్చింది. హాలండ్‌లోని ఫిలిప్స్, జపాన్‌లోని సోనీ కలిసి 1980లో దాని ప్రమాణాలు ఖరారు చేశాయి. 1982 ఆగస్టు 17న జర్మనీలో హానోవర్ పక్కనున్న లాంగెన్‌హాగెన్ కర్మాగారంలో తొలి సీడీలు అచ్చయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరు 1న సోనీ తన మొదటి ప్లేయరును జపాన్ మార్కెట్లో పెట్టింది. ఆ ప్లేయరు వంటిది పాలకొల్లులో మా షాపు మేజా మీదికి చేరేసరికి పదిహేనేళ్లు దాటిపోయాయి. అప్పటికి సినిమా పాటల క్యాసెట్టు ముప్పై, నలభై రూపాయలకు దొరికేది. అవే పాటల సీడీ కావాలంటే వంద దాటి పెట్టవలసి వచ్చేది. అందుకే చిన్నాన్న మొదట్లో సీడీలను అమ్మడానికి కాదు, వాటి నుంచి క్యాసెట్లు తీయడానికే కొన్నాడు. ఆ క్యాసెట్లకు మంచి గిరాకీ వచ్చింది. పాటకూ పాటకూ మధ్య హోరు బాగా తగ్గడం జనం వెంటనే పట్టేశారు.

నేను ఇంజనీరింగ్‌లో చేరాక ఆ పళ్లెం లోపలి సంగతులు చదువుకుని, సెలవులకు వచ్చినప్పుడు చిన్నాన్నకు చెబుతుండేవాడిని. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలికార్బొనేట్ ప్లాస్టిక్, దాని పైన పలచని అల్యూమినియం పూత, ఆ పూత మీద వార్నిషు, ఆ వార్నిషు మీద అచ్చు బొమ్మ. ప్లాస్టిక్‌లో కంటికి కనబడని గుంటలు సన్నటి సర్పిలాకారపు గాడిలో సాగుతాయి. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గ్రామఫోను రికార్డు బయటి అంచు నుంచి లోపలికి నడిస్తే, సీడీ మధ్య నుంచి మొదలై అంచు వైపు నడుస్తుంది. ఆ గాడిని విప్పి పొడవుగా పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుందని, అంటే పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో సగం దూరం వస్తుందని చెప్పినప్పుడు చిన్నాన్న చేతిలోని సీడీని వెలుతురుకు ఎత్తి చాలాసేపు తిప్పి చూశాడు. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా, అంటే పదహారు సున్నాలు, ఒకట్ల వరసగా రాసి, కుడి ఎడమలకు విడివిడిగా నమోదు చేస్తారు కాబట్టి ఒక్క సెకను పాటకు పద్నాలుగు లక్షలకు పైగా బిట్లు ఖర్చవుతాయి.

ఇన్ని బిట్లలో కొన్ని దుమ్ముకో గీతకో పోకుండా ఉండవు. అయినా పాట తెగకపోవడానికి కారణం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు కనిపెట్టిన దిద్దుబాటు పద్ధతి. దాన్ని చిన్నాన్నకు ఎలా చెప్పాలో తెలియక తికమకపడుతుంటే పక్కనే కూర్చున్న మా పెదనాన్న అందుకున్నారు. ఆయన తెలుగు మాస్టారు, పద్యనాటకాల్లో వేషాలు కట్టేవారు. తాళపత్రంలో ఒక అక్షరాన్ని చెదపురుగు తినేసినా గణాలు, యతి, ప్రాస చూసుకుంటే అక్కడ ఏ అక్షరం ఉండాలో పండితుడు చెప్పగలడని, ఇదీ అటువంటిదే అయి ఉంటుందని ఆయన అన్నారు. నిజంగానే అటువంటిదే. బిట్లతో పాటు వాటి మధ్య సంబంధాన్ని తెలిపే అదనపు బిట్లను కూడా రాసి, అన్నింటినీ ఒకేచోట కాకుండా గాడి పొడవునా వెదజల్లుతారు. దాని వల్ల గాడి వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర డేటా పోయినా ప్లేయరు దాన్ని పూర్తిగా తిరిగి కూర్చుకోగలదు. నేను చదివిన పాఠాల్లో ఏదీ ఆ మధ్యాహ్నం పెదనాన్న చెప్పినంత బాగా నా మనసుకు ఎక్కలేదు.

దీని నుంచే తుడిచే పద్ధతి కూడా తెలుస్తుంది. మధ్య నుంచి అంచుకు అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొద్ది భాగాన్నే తాకుతుంది కాబట్టి ప్లేయరు దాన్ని దిద్దుకోగలదు. గాడి వెంట గుండ్రంగా పడ్డ గీత వరసగా చాలా బిట్లను ఒకేసారి మింగేస్తుంది. మా వైపు జనం కండువా కొసతో సీడీని గుండ్రంగా రుద్ది తుడిచేవారు. చిన్నాన్న ప్రతి ఒక్కరికీ ఓపికగా, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలని చూపించి పంపేవాడు.

పాటల సీడీ కంటే మా పల్లెలను నిజంగా కదిలించింది వీసీడీ, అంటే వీడియో సీడీ. అంతకుముందు ఊళ్లో సినిమా చూడాలంటే వీసీఆర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవారు. 1993లో ఖరారైన వీసీడీ ప్రమాణం ప్రకారం మామూలు సీడీలోనే డెబ్బై నాలుగు నిమిషాల బొమ్మ పట్టింది. అమెరికాలో, ఐరోపాలో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ చైనాలో, మన దేశంలో అది ఊరూరా వెళ్లింది. తెలుగు సినిమా రెండున్నర గంటలు కాబట్టి రెండు సీడీలో మూడో కావలసి వచ్చేవి. రెండు సీడీల సినిమాకు మొదటిది ఇంచుమించు విశ్రాంతి దగ్గరే అయిపోయేది. సీడీ మార్చడానికి లేచినవాళ్లు అదే అదనుగా కాఫీలు పెట్టుకుని వచ్చేవారు. చైనా ప్లేయర్లు చౌకగా దొరికేవి, గీతలు పడ్డ సీడీలను కూడా లాక్కుని ఆడించేవి. వీసీడీలో దిద్దుబాటుకు ఉంచవలసిన చోటులో కొంత బొమ్మకే వాడేస్తారు. అందువల్ల గీత పడ్డచోట బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోయేది. దానికీ మేం అలవాటుపడిపోయాం.

పెళ్లి వీడియోలు కూడా అప్పుడే క్యాసెట్టు నుంచి సీడీకి మారాయి. మండపంలో తీసింది భీమవరంలోనో రాజమండ్రిలోనో మిక్సింగ్ చేయించి, వధూవరులను తామరపువ్వు రేకుల మధ్య నిలబెట్టి, వెనక సినిమా పాటలు వేసి, మూడు సీడీలుగా ఒక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. పెట్టె మీద వధూవరుల ఫోటో, ముహూర్తపు తేదీ, కల్యాణమండపం పేరు ఉండేవి. మొదటి సీడీలో పెళ్లికూతుర్ని చేయడం, స్నాతకం, ఎదురుసన్నాహం. రెండోదానిలో జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. మూడోదానిలో భోజనాలు, సదస్యం, అప్పగింతలు. ఇంటికి చుట్టాలు వస్తే మంచినీళ్లు ఇచ్చిన వెంటనే ఈ పెట్టె బయటికి వచ్చేది. కొడుకులు కోడళ్లు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో సీడీలు అటూ ఇటూ ప్రయాణం చేసేవి. ఇక్కడి నుంచి పెళ్లి సీడీ కొరియర్‌లో వెళితే, అక్కడి నుంచి మనవడి మొదటి పుట్టినరోజు సీడీ వచ్చేది. అప్పుడు ఆ ఇంటి పెద్దాయన షాపుకు వచ్చి, “అబ్బాయి గారూ, ఇది మా ప్లేయర్లో పడటం లేదండి, ఒక్కసారి మీ దగ్గర వేసి చూపిస్తారా అండి?” అని అడిగేవారు. “ఆయ్, కూర్చోండి బాబాయిగారూ” అని చిన్నాన్న లోపలి గది తలుపు తీసేవాడు. బేరం ఆగిపోయినా సరే, ఆ సీడీ పూర్తయ్యేవరకు ఆ గది వారిదే.

అన్నింటికంటే పెద్ద మార్పు సీడీ రైటరుతో వచ్చింది. మనమే రాసుకోగల సీడీని జపాన్‌లోని తైయో యూడెన్ సంస్థ 1988లో రూపొందించింది. దానిలో గుంటలు ఉండవు. ప్లాస్టిక్‌కూ లోహపు పూతకూ మధ్య ఒక రంగు పొర ఉంటుంది, లేజరు ఆ పొరను కాల్చి గుర్తులు పెడుతుంది. ఖాళీ సీడీ అడుగుభాగం లేత ఆకుపచ్చగానో నీలంగానో బంగారు రంగులోనో కనబడేది అందుకే. మొదట్లో ఖాళీ సీడీ ఖరీదైన వస్తువు. పాట ఆడే వేగానికి నాలుగు రెట్ల వేగంతో ఒక సీడీ రాయడానికి ఇరవై నిమిషాలకు దగ్గరగా పట్టేది, ఆ సేపంతా కంప్యూటరును ఎవరూ ముట్టుకోకూడదు. డేటా అందడం ఒక్క క్షణం ఆగినా, కరెంటు పోయినా ఆ సీడీ ఇక పనికిరాదు. వేళాపాళా లేని కోతల కాలం కాబట్టి చిన్నాన్న ముందు యూపీఎస్ కొని, ఆ తరువాతే రైటరు కొన్నాడు. డేటా ఆగినా సీడీ పాడుకాకుండా కాపాడే ఏర్పాటును సాన్యో సంస్థ 2000లో తెచ్చాక ఆ బెంగ కొంత తీరింది.

సీడీ రైట్ చేయడం చూసిన తొలిరోజుల్లో నన్ను పట్టి నిలిపింది వేగం కాదు, కాపీకీ అసలుకూ తేడా లేకపోవడం. కాపీ నుంచి పదో కాపీ తీసినా ఒక్క అంకె మారదు. క్యాసెట్టు కాలంలో మా పల్లెలకు చేరే పాట ఎప్పుడూ నాలుగో చేతి పాట, అరిగిన పాట. సీడీ వచ్చాకే హైదరాబాద్‌లో పెద్ద షాపులో కొనుక్కున్నవారు వినే పాటా, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటి కోసం ఎదురుచూస్తూ కిళ్ళీ కొట్టులో వినే పాటా ఒక్కటే అయ్యాయి. నా వరకు సీడీ చేసిన అసలు మేలు ఇదే. దాని తరువాత వచ్చినవన్నీ ఆ మేలును పొడిగించినవే.

ఇక ఎంపీ3. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు ప్రధానంగా రూపొందించిన ఆ పద్ధతిలో పాట పదకొండో వంతు చోటులో ఇమిడిపోతుంది. 700 ఎంబీల సీడీలో నూట యాభై దాకా పాటలు పట్టాయి. షాపుకు వచ్చేవారి చేతుల్లో చీటీలు మాయమైపోయాయి. ఏ పాటలు కావాలో ఎంచుకోవలసిన పనే లేకపోయింది. ఒక హీరో పాటలన్నీ, ఒక గాయకుడి పాటలన్నీ ఒకే సీడీలో వచ్చేశాయి. ఇది సౌకర్యమే, కాదనను. కానీ ఆరు పాటలు ఎంచడానికి ఇంటిల్లిపాదీ కూర్చుని వాదించుకున్న రోజుల్లో ఒక్కో పాటకు దక్కిన శ్రద్ధ నూట యాభైలో దేనికీ దక్కలేదని నాకు ఇప్పటికీ గట్టిగా అనిపిస్తుంది.

2005 నాటికి ఖాళీ సీడీ పది, పన్నెండు రూపాయలకు దిగింది. ఢిల్లీ కేంద్రంగా 1983లో మొదలైన మోజర్ బేర్ సంస్థ అప్పటికి ప్రపంచంలోనే పెద్ద సీడీ తయారీదారుల్లో ఒకటి. అది సినిమాల హక్కులు కొని, తెలుగు సినిమాలతో సహా, వీసీడీని 28 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టినప్పుడు అసలు సీడీ, దొంగ సీడీ ధరలు దాదాపు సమానమయ్యాయి. అప్పటికే దొంగ సీడీల బెడద ముదిరిపోయింది. సినిమా విడుదలైన వారంలోపే థియేటరులో దొంగచాటుగా తీసిన బొమ్మ బస్టాండు దగ్గర తోపుడు బండి మీదికి వచ్చేది. చిన్నాన్న ఆ సరుకు పెట్టలేదు. దాసరి నారాయణరావును, అల్లు రామలింగయ్యను, కోడి రామకృష్ణను సినిమాకు ఇచ్చిన ఊరిలో కూర్చుని సినిమావాళ్ల నోటి దగ్గరి కూడు లాక్కోలేనని ఆయన అనేవాడు. క్యాసెట్లో పాటలు ఎక్కించి ఇవ్వడం మాత్రం తప్పు కాదా అని ఎవరైనా అడిగితే, అదీ తప్పేనని ఒప్పుకుని, అందుకే ఏటా అసలు సీడీలు కొనడం మానలేదని చెప్పేవాడు.

2006 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చి కోనసీమ లంకలు మునిగాయి. నీళ్లు తీశాక లంక ఊళ్ల నుంచి జనం చించినాడ వంతెన దాటి షాపుకు వచ్చారు. సంచుల్లో ఒండ్రు పట్టిన పెళ్లి క్యాసెట్లు, పెళ్లి సీడీలు కలిసి ఉండేవి. క్యాసెట్లలో ఒండ్రు టేపు పొరల మధ్యకు చొరబడి గట్టిపడిపోయింది, వాటికి చేయగలిగింది ఏమీ లేకపోయింది. సీడీలను మాత్రం చిన్నాన్న ఒక్కొక్కటిగా అంచు పట్టుకుని, బిందెలోని మంచినీళ్లలో ముంచి, చేత్తో రుద్దకుండా నీటిలోనే అటూ ఇటూ ఆడించి మట్టిని వదిలించాడు. షాపు ముందు తాడు కట్టి, మధ్య రంధ్రంలో నుంచి దారం పోసి నీడపట్టున ఆరవేశాడు. చాలావరకు పలికాయి. రోజుల తరబడి నీటిలో నానిన పెళ్లి తెర మీద కనబడేసరికి, ఇల్లు కూలిపోయిన ఒక పెద్దావిడ షాపు బల్ల మీదే కూర్చుని తన కూతురి తలంబ్రాలు మొదటి నుంచి చివరి దాకా చూసి గానీ లేవలేదు. సీడీకి ఇక చావు లేదని ఆ నెలలో మేమంతా నమ్మాం.

అప్పటికే సీడీకి కాలం దగ్గరపడుతోంది. అమెరికాలో 2000లో 94 కోట్లకు పైగా అమ్ముడైన పాటల సీడీలు ఏటికేడు తగ్గి, 2022 నాటికి మూడున్నర కోట్ల లోపుకు పడిపోయాయి. మా వీధిలో ఆ తగ్గుదల మరో రూపంలో వచ్చింది. మెమరీ కార్డు పెట్టుకునే ఫోన్లు రాగానే, ఎదురుగా ఉన్న సెల్ షాపు గోడ మీద ‘పాటలు లోడింగ్ చేయబడును’ అన్న బోర్డు వెలిసింది. ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. గీతలు లేవు, లెన్సు పోవడం లేదు, కుదుపుకు పాట ఎగరడం లేదు. చిన్నాన్న కూడా ఒక కార్డు రీడరు కొని కొన్నాళ్లు అదే పని చేశాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ పనీ పోయింది, లోడింగ్ బోర్డులు చెరిగిపోయాయి. ఒకప్పుడు ప్రపంచానికి సీడీలు పోసిన మోజర్ బేర్ 2018లో దివాలా తీసి మూతపడింది. కొత్త లాప్‌టాప్‌లలో సీడీ పెట్టే అరే లేకుండా పోయింది. అమ్ముడుపోని సీడీలు కూరగాయల తోటల్లో పిట్టలను బెదరగొట్టడానికి, ట్రాక్టర్ల వెనక మెరవడానికి వెళ్లిపోయాయి.

మా పెదనాన్న పాడిన పద్యాల సంగతి ఇక్కడే చెప్పాలి. ఆచంట వైపు ఒక శివరాత్రి ఉత్సవంలో ఆయన పాడినవి క్యాసెట్టులో ఉండేవి. ఆయన పోయిన తరువాత, టేపు బూజు పట్టడం మొదలైందని గమనించి, చిన్నాన్న దాన్ని 2004లో సీడీలోకి మార్చి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తలా ఒకటి ఇచ్చాడు. కొన్నేళ్ల క్రితం పెదనాన్నగారి సంవత్సరీకానికి అందరం కలిసినప్పుడు ఆ పద్యాలు వేద్దామని చూస్తే ఏ ఇంటి సీడీ కూడా పూర్తిగా పలకలేదు. మేమంతా మెరిసే అడుగుభాగాన్నే కాపాడుకుంటూ వచ్చాం. అసలు సున్నితమైనది పైభాగం. అడుగున ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ అడ్డం ఉంటే, పైన లోహపు పూతకు వెంట్రుక మందం కూడా లేని వార్నిషే దిక్కు. ఆ వార్నిషు అంచున ఎక్కడ పలచబడినా తేమ లోపలికి దిగుతుంది. వేడికీ వెలుతురుకూ రంగు పొర కూడా వాడిపోతుంది. బెలిజ్ దేశం నుంచి వచ్చిన ఒక సీడీలో శిలీంధ్రం అంచు నుంచి లోపలికి పాకి ప్లాస్టిక్‌నూ అల్యూమినియాన్నీ తినేయడాన్ని స్పెయిన్ శాస్త్రవేత్తలు 2001లోనే గమనించారు. అదీ వేడి, తేమ కలిసిన ప్రదేశమే. వరదను తట్టుకున్న వస్తువు మా బీరువాలో చెమ్మను తట్టుకోలేకపోయింది.

సీడీ మధ్య నుంచి మొదలై అంచు దగ్గర ముగుస్తుంది కాబట్టి, డెల్టా ఇళ్లలో ఉన్న కాపీలన్నింటిలో మొదటి పద్యాలు నిక్షేపంగా ఉన్నాయి, చివరివే పోయాయి. హైదరాబాద్‌లో పొడిగాలిలో ఉన్న మా అక్క కాపీలో చివరి పద్యాలు చాలావరకు మిగిలాయి గానీ, కారులో ఆడించడం వల్ల నడుమ గుండ్రటి గీతలు పడ్డాయి. అన్ని కాపీలూ ఒకే అంకెలు కావడం అప్పుడు అక్కరకు వచ్చింది. చిన్నాన్న, నేను కూర్చుని ఒక్కో సీడీనీ అతి తక్కువ వేగంతో పదేపదే చదివించి, ఒకదానిలో పోయిన చోటును మరొకదానితో పూడుస్తూ వచ్చాం. అతికినచోట అతుకు వినబడదు. అరిగిన క్యాసెట్లతో ఈ పని జరిగేది కాదు. చివరి పద్యంలో, మూడో పాదం ఎత్తుగడ దగ్గర కొద్ది సెకన్లు మాత్రం ఏ కాపీలోనూ దొరకలేదు. పద్యం మా అందరికీ నోటికి వచ్చు. అక్కడ ఆయన తీసిన రాగం లేదు.

చిన్నాన్న షాపులో ఇప్పుడు జిరాక్స్ మిషను, ప్రింటరు ఉన్నాయి. వాటి పక్కన యూఎస్‌బీతో తగిలించే సీడీ డ్రైవు ఒకటి ఉంది, దానికి పని ఇంకా తగ్గలేదు. భీమవరంలో ఎంఆర్ఐ తీయించుకున్నవారికి స్కానింగ్ సెంటరువాళ్లు ఫిల్ములతో పాటు ఇచ్చిన సీడీని హైదరాబాద్ డాక్టరుకు ఎలా పంపాలో తెలియక కొందరు వస్తారు. దస్తావేజుల తగాదాల్లో సీసీ కెమెరా దృశ్యాల సీడీ పట్టుకుని కోర్టు పని మీద తిరిగేవారు కొందరు వస్తారు. ఎక్కువమంది తెచ్చేవి మాత్రం ఇరవై ఏళ్ల నాటి పెళ్లి పెట్టెలే. చిన్నాన్న వాటిని ముందుగా ఆడించి చూడడు. ఆడే ఓపిక ఒక్కసారికే మిగిలి ఉంటే అది కాపీకే ఖర్చు కావాలని నేరుగా కాపీకి పెడతాడు. మూడు సీడీల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మూడోది, అందులోనూ అంచు దగ్గరి భాగం. అప్పగింతలు ఉండేది సరిగ్గా అక్కడే. తల్లులు వచ్చి అడిగేదీ దాని గురించే కాబట్టి, ఆయన మూడో సీడీతోనే మొదలుపెట్టి, నాలుగు రెట్ల వేగం దాటనివ్వకుండా రాత్రంతా చదవనిస్తాడు. వచ్చినదాన్ని రెండు చోట్ల దాచి, పెన్‌డ్రైవ్‌తో పాటు ఆ సీడీలను కూడా పెట్టెలో సర్ది తిరిగి ఇచ్చేటప్పుడు, అప్పగింతల్లో ఎంతవరకు వచ్చిందో వాళ్లను కూర్చోబెట్టి చూపించి మరీ పంపుతాడు.